ఒకే లార్గో, ఆరు రికార్డులు: పాత ఫిడేలు వినడం దేంతో మొదలెట్టాలి

పాత ఫిడేలు రికార్డులు వినాలనుంది, దేంతో మొదలెట్టమంటారు అని అడిగితే తెలిసినవాళ్లు చాలామంది చెప్పే పేరు జోసెఫ్ యోవాకిమ్. స్వరకర్త బ్రామ్స్ తన వయొలిన్ కాన్సర్టోను, అంటే ఆర్కెస్ట్రా తోడుగా ఫిడేలు వాయించే రచనను, అంకితమిచ్చింది ఆయనకే. 1903లో బెర్లిన్‌లో గ్రామఫోన్ గరాటు ముందు నిలబడి ఐదు రికార్డులు ఇచ్చాడు, అందుకే 1831లో పుట్టిన మనిషి వాయిద్యాన్ని ఇవాళ మన ఫోన్‌లో వినగలుగుతున్నాం, కనక అక్కడి నుంచే రావాలని వాళ్ల లెక్క. నాకూ అలాగే చెప్పారు. ఒక రాత్రి భోజనాలయ్యాక స్పీకర్‌లో పెట్టాను. అర నిమిషం కాలేదు, పక్క గదిలోంచి మా అమ్మ "ఒరేయ్, పోపు మాడుతోందేమో చూడు" అంది. పొయ్యి మీద ఏమీ లేదు, ఆ చిటపటలు రికార్డువే. వాటి వెనకాల ఎక్కడో ఒక సన్నటి, పొడిపొడి ఫిడేలు, అక్కడక్కడా శ్రుతి కూడా తప్పినట్టు అనిపించింది. ఇందులో ఏముందని అంత గొప్పగా చెప్పారో అర్థం కాలేదు, ఆపేసి మూడేళ్లు మళ్లీ ఆ వైపు చూడలేదు.

తప్పు యోవాకిమ్‌ది కాదు, నేను విన్న వరసది. పాత రికార్డుల్లో వినాల్సిన అసలు విషయం వైబ్రాటో, అంటే ఎవరు ఏ స్వరాన్ని ఊపారు, దేన్ని ఊపకుండా వదిలేశారు అన్నది. అది ఒక్క రికార్డు విని తెలిసేది కాదు, పక్కన ఇంకోటి పెట్టుకోవాల్సిందే. అందుకని పేర్ల జాబితా పట్టుకుని పోకుండా ఒక్క పాటను ఎంచుకుని, దాన్నే నలుగురి చేతుల్లో వినండి. నేను చెప్పే పాట స్వరకర్త బాఖ్ డి మైనర్‌లో రాసిన రెండు ఫిడేళ్ల కాన్సర్టో, అందులోనూ నెమ్మదిగా సాగే నడిమి భాగం, లార్గో.

ముందు వైబ్రాటో సంగతి. ఎడమచేతి వేలు తీగ మీద నొక్కి ఉంచి, మణికట్టునో ముంజేతినో ఊపితే స్వరం సెకనుకు ఐదు నుంచి ఏడు సార్లు కొద్ది కొద్దిగా అల్లాడుతుంది, అంతే. ఇవాళ ఏ పాశ్చాత్య ఫిడేలు కచేరీ విన్నా దాదాపు ప్రతి పొడవాటి స్వరానికీ అది ఉంటుంది, పొద్దున్నుంచీ తిరుగుతున్న ఫ్యాన్ చప్పుడులాగా, ఉందన్న సంగతే చెవికి పట్టదు. 19వ శతాబ్దంలో అది ఇంగువ. చిటికెడు, అదీ కావలసిన చోటే. ఫిడేలు విద్వాంసుడు లూయీ ష్పోర్ 1832లో అచ్చువేసిన ఫిడేలు బోధన పుస్తకంలో ఎక్కడెక్కడ ఊపాలో స్వరాల మీద అలల గీతలు గీసి మరీ చూపించాడు, వేగంగా, నెమ్మదిగా, పోనుపోను వేగం పెరిగేది, పోనుపోను తగ్గేది అని నాలుగు రకాలు చెప్పాడు. గీత లేని చోట ఊపు లేదు. 1921 నాటికి కూడా పేరుమోసిన ఫిడేలు గురువు లియోపోల్డ్ ఆవర్ ఆగకుండా ఊపే అలవాటును తన పుస్తకంలో దులిపేశాడు. తమాషా ఏంటంటే, ధారాళంగా ఊపే హైఫెట్జ్, ఎల్మన్, జింబలిస్ట్ ఆయన శిష్యులే.

లార్గోనే ఎందుకంటే, అందులో రెండో ఫిడేలు ముందు మొదలెడుతుంది: ఒక పొడుగాటి స్వరం, ఆ తర్వాత మెట్లు దిగుతున్నట్టు ఒక్కొక్క స్వరం కిందికి. కాసేపటికి మొదటి ఫిడేలు అదే పాటను పై స్థాయిలో అందుకుంటుంది. అంటే ఒకే మాటను ఇద్దరు మనుషులు పది సెకన్ల తేడాలో అంటారు. ఒకరు ఆ పొడుగు స్వరాన్ని మొదటి నుంచే ఊపుతారు, ఇంకొకరు ముందు నిటారుగా పట్టి చివర్లో కాస్త వణికిస్తారు. సంగీతం చదువుకోనక్కర్లేదు, రెండోసారి వినేసరికి తేడా దానంతటదే తెలుస్తుంది. పైగా ఈ రికార్డులు చేసిన జంటల్లో తండ్రీకూతుళ్లున్నారు, గురుశిష్యులున్నారు, తండ్రీకొడుకులున్నారు, తనతో తానే వాయించుకున్న ఒక పెద్దమనిషీ ఉన్నాడు.

ముందు పెట్టాల్సింది 1932 రికార్డు

యెహుదీ మెనూహిన్, ఆయన గురువు జార్జ్ ఎనెస్కు, పారిస్‌లో పియేర్ మాంటూ నడిపిన ఆర్కెస్ట్రాతో చేసింది. మెనూహిన్‌కి అప్పటికి 16 ఏళ్లు, ఎనెస్కు యాభై దాటాడు. కొత్తవాళ్లకు నేను ఇదే ఇస్తాను. మొదటి కారణం మామూలుదే, 1925లో మైకులు వచ్చాక చేసిన రికార్డు కాబట్టి ధ్వని ఫరవాలేదు, పోపు గొడవ తక్కువ. అసలు కారణం వేరు. లార్గో మొదలెట్టేది రెండో ఫిడేలు వాయించే ఎనెస్కు. ఆయన ఒక స్వరం ఊపినట్టు ఇంకో స్వరం ఊపడు. కొన్ని మాటలు నొక్కి, కొన్ని నోట్లో గొణిగినట్టు మాట్లాడే పెద్దాయనలా వాయిస్తాడు. ఆ తర్వాత కుర్రాడు అందుకుంటాడు, నిండుగా, వెచ్చగా, ఎక్కడా తగ్గకుండా. పోటీ అనిపించదు. పిల్లాడు పాడుతుంటే గురువు కింద నుంచి దారి చూపిస్తున్నట్టుంటుంది. రెండు మూడు సార్లు విన్నాక నేను మెనూహిన్‌ని వదిలేసి ఎనెస్కునే పట్టుకున్నాను, మీకూ అలాగే అవుతుందనుకుంటా. నచ్చకపోతే మిగతావి వినక్కర్లేదు, నిజంగానే చెబుతున్నా, ఈ పిచ్చి అందరికీ ఉండాల్సినది కాదు.

రోజే తండ్రీకూతుళ్లు

ఇది నాకు అన్నింటికంటే ఇష్టమైనది, కానీ మొదట ఇస్తే పారిపోతారు. ఆర్నాల్డ్ రోజే 1881 నుంచి 1938 దాకా వియన్నా ఒపెరా ఆర్కెస్ట్రాలో ముందు కుర్చీలో కూర్చున్న మనిషి, స్వరకర్త మాహ్లర్ చెల్లెలి భర్త. ఆల్మా ఆయన కూతురు. ఇద్దరూ కలిసి ఈ కాన్సర్టోని 1920ల చివర్లో రికార్డు చేశారు. పెట్టగానే ముందు తెలిసేది వైబ్రాటో కాదు, జారు. స్వరం నుంచి స్వరానికి వెళ్లేటప్పుడు వేలు తీగ మీద జారడం స్పష్టంగా వినిపిస్తుంది. ఇవాళ కాలేజీలో అలా వాయిస్తే మాస్టారు ఆపేస్తాడు. కానీ ఆ కాలపు భావమంతా అక్కడే ఉంది: జారు ఎక్కువ, ఊపు తక్కువ. తర్వాతి ముప్పై నలభై ఏళ్లలో అది సరిగ్గా తిరగబడింది, ఊపు పెరిగేకొద్దీ జారు తగ్గుతూ వచ్చింది. ఈ ఒక్క ముక్క తెలిస్తే పాత రికార్డుల్లో సగం అర్థమైనట్టే.

పొడుగు స్వరం వచ్చినప్పుడు చెవి రిక్కించండి. స్వరం నిటారుగా నిలబడుతుంది, దాని బలమంతా కమాను నుంచి వస్తుంది, చేతిలో ఒత్తిడి పెరిగి తగ్గడం తెలుస్తుంది. అలవాటు లేనివాళ్లకి మొదట చల్లగా, కాస్త పుల్లగా ఉంటుంది. అలవాటయ్యాక ఒక్క స్వరం చిన్నగా వణికితే చాలు, ఉలిక్కిపడతారు. చుట్టూ ఏదీ వణకనప్పుడు కదా వణుకుకి విలువ.

ఆ కుటుంబం సంగతి తెలిసి వింటే ఇంకోలా ఉంటుంది, దాచడం ఎందుకు. 1938లో నాజీలు వియన్నాలోకి వచ్చాక రోజే ఉద్యోగం పోయింది, లండన్ వెళ్లిపోయాడు. ఆల్మా ఔష్విట్జ్‌లో ఖైదీల మహిళా ఆర్కెస్ట్రాని నడిపింది, 1944 ఏప్రిల్‌లో అక్కడే చనిపోయింది. తండ్రి 1946లో పోయాడు. మొదటిసారి ఇవేమీ తెలియకుండా వినమనే చెబుతాను, లేకపోతే ఫిడేలు వినబడదు, కథే వినబడుతుంది. ఇప్పుడు చెప్పేశాను గనక చేసేదేమీ లేదు.

క్రైస్లర్, జింబలిస్ట్, 1915

ఫ్రిట్జ్ క్రైస్లర్, ఎఫ్రెమ్ జింబలిస్ట్ అమెరికాలో విక్టర్ కంపెనీకి చేశారు. ఇంకా గరాటు కాలమే. ఆర్కెస్ట్రా అంతా గరాటు ముందు పట్టదు కాబట్టి వెనకాల నాలుగు తీగ వాయిద్యాలు మాత్రమే ఉంటాయి, ధ్వని డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. అయినా ఇది తప్పకుండా వినాలి. ఎందుకంటే "పాత రికార్డుల్లో వైబ్రాటో తక్కువగా వినబడేది ఆ యంత్రాలు పట్టుకోలేక, అంతే" అని వాదించేవాళ్లకి ఇదే జవాబు. రోజే కంటే పదేళ్లకు పైగా ముందటి రికార్డు, అంతకంటే నాసి యంత్రం, అయినా క్రైస్లర్ వైబ్రాటో తేనె కారినట్టు వినబడుతుంది. గరాటుకి పై స్థాయి మెరుపులు అందవు, నిజమే, కానీ స్వరం అల్లాడటం చక్కగా అందుతుంది. కనక రోజే దగ్గర వినబడటం లేదంటే ఆయన ఊపలేదు కాబట్టే.

క్రైస్లర్ కూడా వియన్నా వాడే, అది మర్చిపోకండి. ఒకే ఊరు, రోజే కంటే పన్నెండేళ్లు చిన్న. పొడుగు స్వరాలే కాదు, వేగంగా వెళ్లే చిన్న స్వరాలకూ ఆయన చేతిలో ప్రాణం ఉంటుంది. తర్వాత వచ్చినవాళ్లందరూ ఆయన్నే అనుకరించారు కాబట్టి మన చెవికి ఆయన ఆధునికంగా, రోజే ప్రాచీనంగా అనిపిస్తారు. ఈ రెండింటినీ వెంటవెంటనే పెట్టుకుంటే ఒక తరం మారడం కొద్ది నిమిషాల్లో అయిపోతుంది.

మిగతావి త్వరగా

కార్ల్ ఫ్లెష్, జోసెఫ్ సిగెటి 1937లో చేసింది పండితుల రికార్డు. తీపి తక్కువ, వివరం ఎక్కువ. ఫిడేలు నేర్చుకుంటున్నవాళ్లు వినాలి, సరదాగా వినేవాళ్లు వదిలేయొచ్చు.

హైఫెట్జ్ 1946లో రెండు ఫిడేళ్లూ తనే వాయించి, ఒకదాని మీద ఇంకోటి కలిపించాడు. పనితనం చూసి నోరెళ్లబెట్టాల్సిందే. వేగంగా, బిగువుగా, విద్యుత్తు పారినట్టుండే వైబ్రాటో. కానీ మన పనికి ఇది బొత్తిగా పనికిరాదు, ఇద్దరి మధ్య తేడా వినాలని వచ్చినవాడికి ఇద్దరూ ఒక్కడే అయితే ఏం వింటాడు? హైఫెట్జ్ కోసం హైఫెట్జ్‌ని వినాలంటే ఇదొక్కటే కాదు, ఇంకా చాలా ఉన్నాయి.

చిటపటలు అసలు పడవు, తలనొప్పి వస్తుంది అనేవాళ్లకి డేవిడ్ ఓయిస్ట్రాఖ్, కొడుకు ఈగోర్ కలిసి గూసెన్స్ నిర్వహణలో 1961లో చేసిన స్టీరియో రికార్డు ఉంది. విశాలంగా, నిండుగా ఊగే వైబ్రాటో, ఇవాళ్టి పద్ధతికి దగ్గర. ఇంట్లో అందరూ కూర్చుని వినేటప్పుడు నేను పెట్టేది ఇదే, మా అమ్మకి కూడా అభ్యంతరం లేదు.

యోవాకిమ్ దగ్గరికి ఎప్పుడు

లార్గో చెవికి పట్టాక. అప్పుడైనా ఒంటరిగా కాదు, జతగానే. ఆయన 1903లో వాయించిన బాఖ్ జి మైనర్ అడాజియో, అదీ నెమ్మది భాగమే, విని, వెంటనే హైఫెట్జ్ 1935లో అదే అడాజియో ఎలా వాయించాడో వినండి. లేదా బ్రామ్స్ హంగేరియన్ డాన్స్ ఒకటో నంబరు: ఫిడేలుకి మార్చి రాసింది యోవాకిమే, 1903లో తనే వాయించాడు, ఆయన దగ్గర చదువుకున్న ఆవర్ 1920లో, 75 ఏళ్ల వయసులో, అదే వాయించి రికార్డు చేశాడు. ఇద్దరూ హంగేరీలో పుట్టినవాళ్లే. ఆ రెండూ విన్నాక, ఆవర్ తన పుస్తకంలో అంత కోపంగా ఎందుకు రాశాడో అర్థమైంది నాకు.

ఒక అనుమానం ఎవరికైనా వస్తుంది: యోవాకిమ్‌కి అప్పటికి 72 ఏళ్లు, చేతులు పట్టు తప్పి ఉంటాయి, వైబ్రాటో లేకపోవడం ముసలితనం వల్లేమో? కొంత నిజం ఉండొచ్చు, శ్రుతి విషయంలో మరీను. కానీ ఆయన శిష్యురాలు మారీ సోల్డాట్ 1920ల్లో చేసిన రికార్డులు వినండి, అదే నిటారు స్వరం, అదే పొదుపు. గురువుది చేతకానితనమైతే శిష్యురాలికి అది పద్ధతిగా అబ్బదు కదా.

ఏ కాపీ వినాలి

ఇక్కడే చాలామంది మోసపోతారు, నేనూ మోసపోయాను. పూర్తిగా శుభ్రం చేశాం అని రాసి ఉన్న ఒక సెట్‌కి డబ్బు పోసి కొన్నాను. చిటపట అసలు లేదు, నిజమే, కానీ ఫిడేలు దుప్పటి కప్పుకుని వాయిస్తున్నట్టుంది. చప్పుడు తీసేసేటప్పుడు పై స్థాయి ధ్వనిని కూడా కోసేస్తారు, దాంతో కమాను తీగను పట్టుకునే గరుకు పోతుంది, రోజే లాంటి వాళ్ల దగ్గర ఉన్నదంతా ఆ గరుకులోనే కదా. కాబట్టి రెండు కాపీలు దొరికితే కొంచెం చప్పుడున్న దాన్నే ఎంచుకోండి. పది నిమిషాల్లో చెవి ఆ చప్పుడుని వదిలేస్తుంది, వాన పడుతుంటే మాట్లాడుకోమా? పాత రికార్డులు జాగ్రత్తగా శుభ్రం చేసే వార్డ్ మార్స్టన్, మార్క్ ఓబర్ట్-థార్న్ పేర్లు అట్ట మీద కనబడితే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. నాక్సోస్ హిస్టారికల్ వరసలో వాళ్లు చేసినవి చాలా ఉన్నాయి.

ఉచితంగా కావాలంటే విక్టర్ వాళ్ల గరాటు కాలపు రికార్డుల కోసం అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల నేషనల్ జ్యూక్‌బాక్స్ వెబ్‌సైట్‌లో వెతకండి. 1923కి ముందు రికార్డులకు అమెరికాలో 2022 జనవరి 1తో హక్కులు తీరిపోయాయి, అందుకే ఇప్పుడు అవి అన్ని చోట్లా దొరుకుతున్నాయి.

యూట్యూబ్‌లో వినేవాళ్లకి ఒక హెచ్చరిక, వేగం. 78 అని పిలుస్తాం గానీ ఆ రోజుల్లో ప్లేట్లన్నీ సరిగ్గా నిమిషానికి 78 చుట్ల మీద కోసినవి కావు. 75 మీద కోసిన దాన్ని 78 మీద తిప్పితే స్వరం అర మెట్టులో దాదాపు మూడింట రెండు వంతులు పైకి పోతుంది, వైబ్రాటో కూడా ఆ మేరకు బిగుసుకుంటుంది, నెమ్మదిగా వాయించినవాడు కంగారుగా వాయించినట్టవుతుంది. ఫోన్‌లో ట్యూనర్ పెట్టి చూడండి. డి మైనర్ కాన్సర్టో, డి కంటే అర మెట్టు పైనుండే ఇ ఫ్లాట్ దగ్గర పలుకుతుంటే ఆ కాపీ వద్దు.

ఇంకో పని కూడా చేయొచ్చు. యూట్యూబ్‌లోనే వేగాన్ని 0.5కి తగ్గించండి, శ్రుతి మారదు, ఊపు మాత్రం సగం వేగానికి వస్తుంది, వేలు ఎప్పుడు కదిలిందో లెక్కపెట్టుకోవచ్చు. ఇంకా పిచ్చి ఉంటే సోనిక్ విజువలైజర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రోగ్రామ్, అంటే ధ్వనిని గీతలుగా చూపే బొమ్మ, తెరవండి. హైఫెట్జ్ స్వరం పాములా మెలికలు తిరుగుతూ కనిపిస్తుంది. యోవాకిమ్ స్వరం చాలా చోట్ల స్కేలు పెట్టి గీసినట్టు వెళ్తుంది, మధ్యలో ఒకచోట సన్నగా నాలుగైదు అలలు, మళ్లీ గీత. ష్పోర్ పుస్తకంలో గీసిన అలల గీత గుర్తొచ్చి నేను ఆ తెర ముందు చాలాసేపు అలాగే కూర్చున్నాను.

కర్ణాటక సంగీతం వినే చెవులకి

మనవాళ్లు వైబ్రాటో అనగానే గమకమే కదా అంటారు. కాదు. తోడిలో గాంధారానికి గమకం తీసేస్తే అది తోడి కాదు, ఇంకేదో అవుతుంది, కంపితం రాగంలో భాగం. బాఖ్ లార్గోకి వైబ్రాటో మొత్తం తీసేసినా లార్గో లార్గోలాగే ఉంటుంది, రంగు మాత్రం మారుతుంది. రోజే ఒక రంగు, క్రైస్లర్ ఒక రంగు. అందుకే అక్కడ వాయించేవాడి ఇష్టానికి అంత చోటుంది, అందుకే అంత గొడవ కూడా. జారు విషయంలో మాత్రం మనకి లాభమే. ఇవాళ్టి పాశ్చాత్య శ్రోతలకి వెగటుగా తోచే రోజే జారుళ్లు మన చెవికి మొదటిసారే సొంతంగా అనిపిస్తాయి. ఈ లార్గో వాయించిన మెనూహిన్ 1952లో నెహ్రూ పిలుపు మీద మన దేశం వచ్చాడు, విజయనగరం సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా చేసిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫిడేలు విని ముగ్ధుడయ్యాడని మనవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. నాయుడు గారి పాత రికార్డులు ఇంట్లో ఉంటే, ఈసారి వాటిని కూడా అదే చెవితో వినండి: ఏ స్వరాన్ని కదలనివ్వకుండా కమానుతో పట్టి నిలిపారు అని.

ఇక ఈ వారం ఏం చేయాలంటారా, ఒక సాయంత్రం, హెడ్‌ఫోన్స్, లార్గో మాత్రమే. మెనూహిన్, ఎనెస్కు ముందు. తర్వాత క్రైస్లర్, జింబలిస్ట్. ఆ తర్వాత రోజే. మళ్లీ ఒకసారి మెనూహిన్, ఎనెస్కు. మొత్తం అరగంటలోపే. హైఫెట్జ్‌ని మాత్రం ఆ రాత్రి పెట్టొద్దు, ముందు విన్నవాళ్లందరినీ చెవిలోంచి తుడిచేస్తాడు.